తెర మీది దృశ్యము, కాగితము మీది బొమ్మ

టెలివిజన్ ముందు కూర్చున్నవారికి బొమ్మలకు కొదువ లేదు. మన దేశపు టెలివిజన్ తెరపై సెకనునకు 25 బొమ్మలు మారుట చిరకాలముగా ఉన్న ఏర్పాటు. అనగా నిమిషమునకు 1,500 బొమ్మలు. ప్రకటనలు పోగా 22 నిమిషములు నడచు ఒక్క ధారావాహిక భాగములో 33,000 బొమ్మలు మన కన్నుల ముందు సాగిపోవును. మరునాటి ఉదయమున ఇంటిల్లిపాదిని కూర్చుండబెట్టి అడిగి చూడుడు. కథ చెప్పుటకు అందరును ముందుకు వత్తురు. కాని ఏ ఒక్క దృశ్యమునందైనను ఎవరు ఎటు తిరిగి నిలిచిరి, వెలుతురు ఏ వైపు నుండి పడినది, వెనుక గోడపై ఏమున్నది అని అడిగినచో సమాధానము చెప్పగలవారు అరుదు. చూపు పడినది గాని పట్టు చిక్కలేదు.

ఈ పట్టును అలవరచుకొనుటకు ఒక చిన్న మార్గము కలదు. టెలివిజన్‌లో తమకు నచ్చిన దృశ్యమును ఒక బొమ్మల పుస్తకములో గీచి, రంగులు వేసికొనుటయే ఆ మార్గము. పిల్లలు కొందరు దీనిని ఎవరును చెప్పకయే చేయుచుందురు. పెద్దలు దానిని కాలక్షేపముగా ఎంచి ఊరకుందురు. కాలక్షేపమనుట నిజమే. అయినను దీని వెనుక మన చిత్రకారుల ప్రాచీనమైన పద్ధతి ఒకటి ఉన్నదనియు, తీరు తెలిసి చేసినచో ఇది చూచు కన్నునే మార్చగలదనియు ఈ ప్రసంగములో మనవి చేయదలచితిని.

హైదరాబాదు తూర్పు భాగమునందలి దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ ప్రాంతముల వారికి ఈ విషయము మరింత దగ్గరిది. వారికి ఉత్తరముగా, మూసీ నదికి ఆవల, రామాంతపురములో దూరదర్శన్ స్టూడియో ఉన్నది. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రము 1977లో ఆరంభమైనది. ఎల్‌బీ నగర్ కూడలి నుండి విజయవాడ బాటను పట్టి, హయత్‌నగర్ దాటి, సుమారు 20 కిలోమీటర్లు పోయినచో రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చును. అది 1996లో వెలసినది. అంతకు ముందటి సంవత్సరమే, 1995లో, ఈటీవీ ప్రసారములు మొదలైనవి. నాటినుండి ఎన్నో తెలుగు ధారావాహికల ఇండ్లు, వీధులు, కోవెలలు ఆ ఆవరణలోనే లేచి, ఆ ఆవరణలోనే తొలగిపోవుచున్నవి. అనగా ఈ రెండింటి నడుమ నివసించు గృహస్థులు దృశ్యములు తయారగు చోటికి పొరుగువారు. ఇక దిల్‌సుఖ్‌నగర్ వసతిగృహములలో ఉండి పోటీ పరీక్షలకు చదువుకొను యువకులకు, యువతులకు గదిలో ఉండునది ఒక మంచము, ఒక అలమర. చేతి ఫోనే వారి టెలివిజన్. అట్టి గదిలో చిత్రకళకు చోటెక్కడిది అనరాదు. అరచేతి రెండింతల పుస్తకము, ఒక పెన్సిలు, పన్నెండు రంగుల పెట్టె చాలును.

ఇచ్చట ఒక ఆక్షేపణ వినవచ్చును. ఎవరో వ్రాసిన కథ, ఎవరో వేసిన వేషము, మరెవరో పట్టిన కెమెరా. అట్టి దృశ్యమును చూచి గీచుట అనుకరణయే గదా, అందు కళ యేమున్నది అని. ఈ ఆక్షేపణకు సమాధానము మన ఊళ్లలోనే ఉన్నది.

సిద్దిపేట జిల్లాలోని చేర్యాల అను ఊరు పటచిత్రములకు ప్రసిద్ధి. నకాషీలని పిలువబడు చిత్రకారులు ఖాదీ వస్త్రమునకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పూతపూసి, ఎఱ్ఱని నేలపై కథను ఒకదాని తరువాత ఒకటిగా దృశ్యములు చేసి వ్రాయుదురు. దృశ్యమునకు, దృశ్యమునకు నడుమ పూలతీగల అంచు ఉండును. కథ చెప్పువారు పటమును విప్పుచు, ఒక్కొక్క దృశ్యమును చూపుచు, రాత్రి పొడుగునను గానము చేయుదురు. పద్మశాలీల కొఱకు కూనపులివారు చెప్పు మార్కండేయ పురాణము అట్టిది. ఆ కథను చిత్రకారుడు కల్పించలేదు. వేషములను కల్పించలేదు. వినువారందరికిని కథ ముందే తెలియును. అయినను ఒక నకాషీ పటము గొప్పదనియు, మరియొకటి సామాన్యమనియు జనులు గుర్తింతురు. ఎట్లు? కథలో ఏ క్షణమును ఎన్నుకొనెను, ఆ క్షణములో ఎవరిని పెద్దగా నిలిపెను, ఎవరిని అంచునకు జరిపెను అనువాటిని బట్టి. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రములపై రామాయణ ఘట్టములు గడులు గడులుగా ఉండి, వాటి క్రింద తెలుగు అక్షరములలో కథ వ్రాసియుండుటను మీలో అనేకులు చూచియుందురు. అక్కడను ఇదే న్యాయము.

ఇక తోలుబొమ్మలాట ఉన్నది. పలుచగా గీకిన తోలుపై రంగులు వేసి, నగలున్న చోట చిన్న రంధ్రములు పొడిచి, తెల్లని తెర వెనుక దీపము నుంచి ఆడించిరి. రంగు వెనుకనుండి వెలుగు వచ్చుట, నగలు మిలమిల మెరయుట, చీకటిలో కూర్చున్న జనము ఆ వెలుగునే చూచుట, ఇవన్నియు నేటి టెలివిజన్ తెరకు పూర్వరూపములు. తెరపై కదలు కథను చూచుట తెలుగువారికి 1977లో క్రొత్తగా వచ్చిన విద్య కాదు. తెలిసిన కథలో క్షణము నెన్నుకొని దానిని నిలిపి వ్రాయుటయు క్రొత్తది కాదు. ఎన్నికయే ఇందలి కళ. చేతిపని దాని వెంట వచ్చును.

సినిమా తీయువారిలో చిత్రకారులైనవారు ఈ దారినే ఎదురుగా నడచిరి. శాంతినికేతనములో చిత్రకళ నేర్చిన సత్యజిత్ రాయ్, 1955లో విడుదలైన ‘పథేర్ పాంచాలీ’ని తీయుటకు ముందే దాని దృశ్యములను ఒక పుస్తకములో నలుపు తెలుపు బొమ్మలుగా వేసికొనెను. 1957 నాటి ‘మాయాబజార్’ చిత్రమునకు కళాదర్శకులలో ఒకరైన మాధవపెద్ది గోఖలే స్వయముగా చిత్రకారుడు. 1967లో ‘సాక్షి’తో దర్శకుడైన బాపు, తాను తీయబోవు దృశ్యములను ముందుగా బొమ్మల కథవలె గీచుకొనెడివాడు. వీరు కాగితము నుండి తెరకు పోయిరి. ఇంటిలో కూర్చుండి దృశ్యమును గీచు ప్రేక్షకుడు తెర నుండి కాగితమునకు వచ్చుచున్నాడు. బాట ఒక్కటే, ప్రయాణపు దిక్కు వేరు. తిరుగుబాటలో నడచుటవలన ఒక లాభము కలదు. దర్శకుడు ఏ ఆలోచనతో పాత్రను ద్వారము ప్రక్కన నిలిపెనో, దీపమును ఏల తగ్గించెనో, గీయబోవు వరకు మనకు తోచదు. గీయుటకు కూర్చున్న వెంటనే ఆ ప్రశ్న ఎదురగును. టెలివిజన్‌లోనే బొమ్మకు గౌరవస్థానము దక్కిన సందర్భమును ఇచ్చట చెప్పుకొనవలెను. ఆర్. కె. నారాయణ్ కథలను శంకర్ నాగ్ 1980వ దశాబ్దమున ‘మాల్గుడి డేస్’ అను ధారావాహికగా తీసినపుడు, రచయిత సోదరుడు ఆర్. కె. లక్ష్మణ్ వేసిన రేఖాచిత్రములు దానికి అలంకారములైనవి. చూచినవారికి ఆ కథలతో పాటు ఆ గీతలును జ్ఞాపకమున్నవి.

ఇప్పుడు ఆచరణకు వత్తము. మొదటి పని దృశ్యమును ఎన్నుకొనుట. సాధారణముగా మన మనస్సు మిక్కిలి ఆర్భాటమైన క్షణముపైకి పోవును. 1987 జనవరి నుండి 1988 జూలై వరకు దూరదర్శన్‌లో వచ్చిన రామానంద సాగర్ ‘రామాయణ్’ను చూచిన పిల్లలను బొమ్మ వేయుమన్నచో, ఆకాశములో రెండు బాణములు ఢీకొని నిప్పులు రాలు దృశ్యమునే వేయుదురు. అది సహజమే. కాని ఆర్భాటమైన క్షణములో చెప్పవలసినదంతయు ముందే చెప్పబడియుండును. దానికి కొంచెము ముందటి క్షణమును గాని, తరువాతి క్షణమును గాని పట్టినచో, చూచువాని మనస్సునకు పని మిగులును. విల్లు విరిగిన క్షణముకంటె విల్లుపై చేయి వేసిన క్షణము బొమ్మకు అనుకూలము. 1996లో ఆరంభమై ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యము చిరకాలము నడపిన ‘పాడుతా తీయగా’లో పిల్లలు గొంతెత్తి పాడుటను వేయవచ్చును. పాట ముగిసి, తీర్పు వినుటకు నిలిచిన పిల్లవాని చేతివ్రేళ్లను వేసినచో ఆ పోటీ యావత్తును అందు కనిపించును. 2001 నుండి 2007 వరకు జెమిని టీవీలో వచ్చిన ‘అమృతం’ వంటి హాస్య ధారావాహికలో మాట విసరినవాని ముఖముకంటె, ఆ మాట వినిన మిత్రుని ముఖము ఎక్కువ నవ్వించును. హాస్యము పలుకువానియందు పుట్టి వినువానియందు పండును. ఈ సూక్ష్మము బొమ్మ వేయువానికి ఒక్క సాయంకాలములో తెలియును.

ఎన్నుకొన్న పిమ్మట వెంటనే తెరను ఆపి, నిలిచిన బొమ్మను చూచి గీయవలెనను కోరిక కలుగును. నేటి యంత్రములలో ఆ సౌకర్యము ఉన్నది. దానిని మొదటనే వాడవద్దని నా సలహా. తెరను కట్టివేసి, ఐదు నిమిషములలో జ్ఞాపకమునుండి ఒక చిన్న చిత్తుబొమ్మ గీయుడు. జ్ఞాపకము మనకంటె తెలివైనది. దృశ్యములోని నూరు వస్తువులలో మనస్సునకు తాకిన నాలుగింటిని అది ఉంచి, తక్కినవి తానే తొలగించును. ఆ నాలుగే మీ బొమ్మకు ఆధారము. తరువాత ఆ దృశ్యమును మరల చూడగలిగినచో చూచి, తప్పినవానిని సవరించుకొనవచ్చును. మొదటనే తెరను ఆపి గీచినచో నూరు వస్తువులును సమానముగా కాగితముపైకి వచ్చి, ఏది ముఖ్యమో తెలియకపోవును.

కాగితపు కొలత కూడ ఆలోచింపదగినది. అంగళ్లలో ఏ-5 అను పేరుతో దొరకు పుస్తకపు పుట 21 సెంటీమీటర్ల పొడవు, 14.8 సెంటీమీటర్ల వెడల్పు ఉండును. నేటి టెలివిజన్ తెర వెడల్పు, ఎత్తు 16కు 9 పాళ్లలో ఉన్నవి. కనుక పుస్తకమును అడ్డముగా త్రిప్పి, 16 సెంటీమీటర్ల వెడల్పు, 9 సెంటీమీటర్ల ఎత్తు గల గడిని గీచినచో తెర యథాతథముగా పుటలో ఇమిడి, క్రింద వ్రాసికొనుటకు చోటు మిగులును. పాత దూరదర్శన్ కార్యక్రమములు 4కు 3 పాళ్లవి. వాటికి 12 సెంటీమీటర్లు, 9 సెంటీమీటర్లు గల గడి సరిపోవును. గడి లేకుండ గీచిన బొమ్మలో మనుష్యులు పుట మధ్య తేలుచుందురు. గడి ఉన్నచో, ఎవరు అంచునకు దగ్గరగా ఉన్నారు, ఎవరి తల పైన ఎంత ఖాళీ ఉన్నది అనునవి తెలిసి, దర్శకుని ఏర్పాటు బోధపడును. గడిని నిలువునను, అడ్డమునను రెండు సన్నని గీతలతో నాలుగు భాగములు చేసికొన్నచో చోట్లు గుర్తించుట ఇంకను సులభము.

పెన్సిలుతో మాత్రమే గీయువారికి మామూలు తెల్లకాగితపు పుస్తకము చాలును. నీటిరంగులు వేయుదురేని కాగితము దళసరిగా ఉండవలెను. చదరపు మీటరునకు 300 గ్రాముల బరువు గల కాగితము నీటికి ముడుతలు పడక నిలుచును. అంగడిలో కాగితపు అట్టపై ఈ సంఖ్య అచ్చువేసి యుండును.

రంగులు వేయుటకు ముందు వెలుగునీడలను తేల్చుకొనవలెను. చిత్తుబొమ్మలో మూడే మెట్లు పెట్టుకొనుడు: కాగితపు తెలుపు, నడిమి బూడిదవన్నె, గాఢమైన నలుపు. దృశ్యమునంతయు ఈ మూడింటిలో చెప్పగలిగినచో రంగులు వాటంతట అవి కుదురును. 1982లో రంగుల ప్రసారములు వచ్చువరకు మన దూరదర్శన్ ఈ నలుపు తెలుపుల నడుమనే కథలన్నియు చెప్పినది. ఆ నాటి ప్రేక్షకులకు ఆకు పచ్చనిదనియు, చీర ఎఱ్ఱనిదనియు వేరుగా చెప్పవలసిన అవసరము కలుగలేదు.

రంగుల విషయమున తెరకును, కాగితమునకును స్వభావభేదము కలదు. తెర వెలుగుతో బొమ్మ వేయును. ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగులు సరిపాళ్లలో కలసినచో అక్కడ తెలుపు పుట్టును. కాగితముపై రంగులు కలిపినకొలది నలుపు వైపునకు పోవును. కావున తెరపై దీపము వెలుగుచున్న చోట మనము ఏ రంగును వేయరాదు. అక్కడ కాగితమును వదలివేయవలెను. నీటిరంగులలో తెలుపన్నది వేయునది గాదు, మిగుల్చుకొనునది. లేత రంగులు ముందు, ముదురు రంగులు వెనుక. నీడలకు సీసాలోని నల్లరంగు వాడినచో బొమ్మ మసిబారును. గాఢమైన నీలములో కావిరంగు కలిపినచో ప్రాణమున్న నలుపు వచ్చును. రాత్రివేళ పసుపుపచ్చని బల్బు వెలుతురులో లేత పసుపురంగు తెల్లగా కనబడి మోసము చేయును. కనుక రాత్రి గీతలు గీచికొని, రంగులు మరునాటి పగటి వెలుతురులో వేయుట మంచిది.

ముఖముల గూర్చి భయపడువారు అనేకులు. టెలివిజన్ ధారావాహికలలో ముఖములే ఎక్కువ. పైగా కెమెరా ఆ ముఖములపైకి మాటిమాటికి దూసికొని పోవుచుండును. పోలిక రాలేదని పుస్తకమును మూసివేయుట తగదు. కన్నులు తలకు సరిగా నడిమి ఎత్తున ఉండునను ఒక్క సంగతి జ్ఞప్తియందుంచుకొన్నచో సగము చిక్కు తీరును. పిల్లలు కన్నులను నుదుటికి ఎక్కించి వేయుదురు. నిలిచిన మనిషి ఎత్తు అతని తలకు సుమారు ఏడున్నర రెట్లు. ఇంతకంటె ముఖ్యమైనది నిలుకడ. మనకు తెలిసినవారిని వీధి చివర, ముఖము కానరాని దూరమునుండియే గుర్తింతుము గదా! నడకను బట్టి, భుజముల వాలును బట్టి, చేతులు కట్టుకొను తీరును బట్టి గుర్తింతుము. పాత్రయొక్క నిలుకడను పట్టినచో కన్నుముక్కులు లేకున్నను పోలిక వచ్చును.

బొమ్మ పూర్తియైన పిమ్మట, గడి క్రింద మిగిలిన చోటులో నాలుగు మాటలు వ్రాయుడు. కార్యక్రమము పేరు, ప్రసారమైన తేదీ, ప్రక్కన ఎవరు కూర్చుండి చూచిరి, ఈ దృశ్యమునే ఏల ఎన్నుకొంటిరి అనునవి. కలంకారీ వస్త్రముపై గడి క్రింద కథ వ్రాసినట్లే ఇదియును. ఈ వ్రాతను చిన్నచూపు చూడరాదు. దీనికి ఒక విదేశపు ఉదాహరణము చెప్పెదను.

బ్రిటన్‌లో బీబీసీ 1963లో ‘డాక్టర్ హూ’ అను ధారావాహికను మొదలుపెట్టినది. అది మిక్కిలి ప్రసిద్ధమైనది. ఆ రోజులలో రికార్డు చేయు టేపు ఖరీదైనది. కార్యక్రమమును మరల ప్రసారము చేయుదుమను ఆలోచనయు తక్కువ. అందుచేత పాత టేపులను చెరిపి క్రొత్త కార్యక్రమములకు వాడిరి. ఫలితముగా 1960వ దశాబ్దపు భాగములు అనేకము పోయినవి. ఇప్పుడు వాటి రూపురేఖలు మనకెట్లు తెలియుచున్నవి? జాన్ క్యూరా అను ఛాయాగ్రాహకుడు టెలివిజన్ తెరకు ఎదురుగా కెమెరా పెట్టుకొని, ప్రసారమగుచున్న కార్యక్రమములను ఫొటోలు తీసి, వాటిలో పనిచేసినవారికి అమ్ముకొనుటను వృత్తిగా చేసికొనియుండెను. పోయిన భాగములలో అనేకమునకు ఆ ఫొటోలే నేడు మిగిలిన దృశ్యసాక్ష్యము. మాటలు, సంగీతము మిగిలినది ఎవరివలన? ఇండ్లలో ప్రేక్షకులు తమ ముచ్చట కొఱకు టేపు రికార్డర్లలో పట్టుకొన్న ధ్వనివలన. సంస్థ పోగొట్టుకొన్నదానిని గృహస్థులు నిలిపిరి.

మన ఇండ్లలో నేడు చూచునది రేపు ఎక్కడ దొరకునో ఎవరు చెప్పగలరు? చానళ్లు మూతపడును. ఫోనులో దొరకిన కార్యక్రమము ఒకనాడు దొరకకపోవచ్చును. దొరకినను, దానిని మనము ఏ ఇంట, ఎవరి ప్రక్కన కూర్చుండి చూచితిమో ఏ భాండాగారమునందును ఉండదు. తాతగారు నవ్విన దృశ్యము, పరీక్షకు ముందు రాత్రి వసతిగృహములో నలుగురు మిత్రులు ఒక్క ఫోను చుట్టు మూగి చూచిన దృశ్యము, ఇవి మన పుస్తకములోనే ఉండదగినవి. పదియేండ్ల పిమ్మట పుట త్రిప్పినపుడు బొమ్మలోని తప్పులు కనబడకపోవు. కాని ఆ సాయంకాలమంతయు దానితో పాటు కనబడును.

న్యాయమునకు సంబంధించిన చిన్న హెచ్చరిక. మన కాపీరైటు చట్టము 1957 నాటిది. స్వంత ఉపయోగము కొఱకు న్యాయమైన మేరకు ఒక కృతిని వాడుకొనుటకు అందు అవకాశము ఉన్నది. ఇంటి పుస్తకములో గీచుకొనుటకు ఎవరి అభ్యంతరమును ఉండదు. కాని ఆ బొమ్మలను అచ్చువేసి అమ్మదలచినచో హక్కుదారుల అనుమతి పొందవలెను. ఇతరులకు చూపునప్పుడు దృశ్యము ఏ కార్యక్రమములోనిదో చెప్పుట మర్యాద. చేర్యాల చిత్రకారుడు పురాణము తనదని ఎన్నడును చెప్పలేదు గదా!

తల్లిదండ్రులతో ఒక్క మాట. బిడ్డ బొమ్మను తెచ్చి చూపినపుడు మన నోట మొదట వచ్చు మాట ‘పోలిక రాలేదు’ అనియో, ‘అచ్చము అట్లే ఉన్నది’ అనియో. రెండును తప్పుదారి పట్టించును. అచ్చముగా వచ్చుటయే గొప్ప అయినచో, ఫోనులో ఒక్క మీట నొక్కిన వచ్చు ఫొటోతో ఆ బిడ్డ ఎన్నటికిని పోటీపడలేదు. ఓడిపోవు పోటీలో దింపినచో కొన్నాళ్లకు పెన్సిలు వదలివేయును. దానికి బదులు ‘ఈ దృశ్యమునే ఏల ఎన్నుకొంటివి?’ అని అడుగుడు. సమాధానము వెంటనే రాకపోవచ్చును. ఆలోచించి ఆ బిడ్డ చెప్పు మాట మీరెరుగని సంగతిని తెలుపును. ధారావాహికలో అందరు కథానాయికను చూచుచుండగా, ఆ బిడ్డ వంటింటి గడప దగ్గర నిలిచిన పనిమనిషిని వేసియుండవచ్చును. అట్టి బొమ్మకు పోలికతో పనిలేదు. ఆ చూపునకు విలువ కట్టలేము.

టెలివిజన్ చూచుట చెడ్డదా, మంచిదా అను వాదము నేను ఎత్తుకొనలేదు. చూడక మానుట నేటి ఇండ్లలో జరుగు పని కాదు. చూచునది కొంచెమైనను మనదిగా చేసికొనుట మాత్రము మన చేతిలోనే ఉన్నది. రోజుకు ఒక గంట చూచు ఇంటిలో, అందుండి వారమునకు ఒక్క దృశ్యమును ఎన్నుకొని గీచినచో సంవత్సరమునకు 52 బొమ్మలగును. ఒక పుస్తకము నిండును.

రేడియో శ్రోతలకు ఈ సాధనలో ఒక అదనపు మెట్టు కలదు. నెలకు ఒకసారి రేడియో నాటకమును విని, అందలి ఒక దృశ్యమును అదే పుస్తకములో గీయుడు. ఇచ్చట చూచి గీయుటకు తెర లేదు. తలుపు చప్పుడు, గాజుల సవ్వడి, మాటకు, మాటకు నడుమ మౌనము, ఇవియే ఆధారములు. ఇంటిలో నలుగురు గీచినచో నాలుగు వేర్వేరు ఇండ్లు, నాలుగు వేర్వేరు ముఖములు వచ్చును. టెలివిజన్ దృశ్యమును నలుగురు గీచినచో మొదట నాలుగును ఒక్కటిగానే ఉండును. క్రమముగా ఒకరి బొమ్మలో కిటికీ పెద్దదగును, మరియొకరి బొమ్మలో మనుష్యులు తగ్గి ఖాళీ పెరుగును, ఇంకొకరి బొమ్మలో వెలుతురు మారును. నాలుగు బొమ్మలును నాలుగుగా విడిపోయిననాడు ఆ ఇంటివారికి చూపు కుదిరినదని తెలిసికొనవలెను.